ఆధునిక అరబ్బీ సాహిత్యం చదవాలనుకునేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

అరబ్బీలో ఎం.ఏ. చేశానని చెప్పగానే నాకు ఎదురయ్యే ప్రశ్నలు రెండు. "మీరు ముస్లింలా?" అన్నది మొదటిది. "అయితే గల్ఫ్‌లో ఉద్యోగమా?" అన్నది రెండోది. మసీదుకూ వీసాకూ నడుమ నవలలు, కథలు, కవితలతో నిండిన పెద్ద సాహిత్యం ఉందనీ, దాన్ని హైదరాబాద్‌లో కూర్చునే చదువుకోవచ్చనీ చెప్పడం మొదలుపెట్టేసరికి చాలామంది టీ గ్లాసు కింద పెట్టి లేచిపోతారు. లేవకుండా కూర్చున్న కొద్దిమంది అడిగిన ప్రశ్నలివి. వారిలో ఇంటర్ పిల్లలున్నారు, వాళ్ల తల్లిదండ్రులున్నారు, డిగ్రీ అయ్యాక దారి మార్చాలనుకునేవారున్నారు, కువైట్ నుంచి తిరిగొచ్చిన ఒకరిద్దరు పెద్దవారూ ఉన్నారు.

ఆధునికం అంటే ఎప్పటి నుంచి లెక్క?

పాఠ్యపుస్తకాలు 1798 అంటాయి. నెపోలియన్ సైన్యం ఈజిప్టులో దిగిన సంవత్సరం అది. పరీక్షలో అదే రాయండి, మార్కులు పోవు. కానీ ఫిరంగులు దిగినంత మాత్రాన నవలలు పుట్టవు. నన్నడిగితే అచ్చుయంత్రం దగ్గర మొదలుపెట్టాలంటాను. కైరోలోని బూలాక్ ముద్రణాలయం 1820ల మొదట్లో పని ప్రారంభించింది. 1826లో ఈజిప్టు పాలకుడు ముహమ్మద్ అలీ కొందరు విద్యార్థులను పారిస్ పంపుతూ, వాళ్ల చేత నమాజు చేయించడానికి రిఫాఆ అత్తహ్‌తావీ అనే యువకుణ్ణి ఇమాముగా తోడిచ్చి పంపాడు. వెళ్లిన విద్యార్థుల పేర్లు ఇవాళ ఎందరికి గుర్తున్నాయో గానీ, వెంట వెళ్లిన ఇమాము పేరు లేకుండా అరబ్బీ సాహిత్య చరిత్ర లేదు. ఫ్రెంచి నేర్చుకుని తిరిగొచ్చి పారిస్ జీవితం మీద పుస్తకం రాశాడు. 1835లో అనువాదకులను తయారుచేసే భాషల బడి ఆయన చేతుల మీదుగానే మొదలైంది. ఆ తరువాత బేరూత్‌లో బుత్రుస్ అల్ బుస్తానీ బడి పెట్టాడు, నిఘంటువు కూర్చాడు, పత్రికలు నడిపాడు. లెబనాన్ నుంచి కైరో చేరిన జుర్జీ జైదాన్ 1892లో 'అల్ హిలాల్' పత్రిక ప్రారంభించి, చారిత్రక నవలలు వరసపెట్టి రాశాడు. ఈ కాలాన్ని నహ్దా అంటారు. లేచి నిలబడటం అని ఆ మాటకు అర్థం.

అచ్చు, పత్రిక, అనువాదం, కొత్త బడి. వీరేశలింగం గారు 1874లో 'వివేకవర్ధని' పెట్టిన కాలపు సరంజామా ఇదే కదా! అందుకే తెలుగు సాహిత్య చరిత్ర కాస్త తెలిసినవారికి నహ్దా పాఠం అరగంటలో బోధపడుతుంది. తెలియనివారికి ఒక సెమిస్టర్ పడుతుంది.

మొదటి నవల ఏదని అడిగితే 1913లో వచ్చిన ముహమ్మద్ హుసేన్ హైకల్ నవల 'జైనబ్' పేరు చెబుతారు. అంతకుముందు వచ్చినవాటిని లెక్కలోకి తీసుకోవాలని వాదించేవారూ చాలామందే ఉన్నారు. నాకు ఆ వాదం కంటే ఒక చిన్న సంగతి నచ్చుతుంది. వకీలుగా ఉన్న హైకల్ ఆ నవలపై తన పేరు వేసుకోలేదు. 'మిస్రీ ఫల్లాహ్', అంటే 'ఈజిప్టు రైతు' అని వేసుకున్నాడు. నవలలు రాయడం పెద్దమనుషులు చేసే పనిగా అప్పటికి కుదురుకోలేదు మరి.

అల్లావుద్దీన్, వెయ్యిన్నొక్క రాత్రులు ఉంటాయా?

ఆధునిక సాహిత్యం పేపర్లో ఉండవు. పైగా అల్లావుద్దీన్ కథ పాత అరబ్బీ రాతప్రతుల్లో లేదు. అలెప్పో నుంచి పారిస్ వచ్చిన హన్నా దియాబ్ అనే కథకుడు 1709లో ఫ్రెంచి అనువాదకుడు గాలాకు చెప్పిన కథల్లో అదొకటి. మనకు సంబంధించిన విశేషం వేరే ఉంది: వెయ్యిన్నొక్క రాత్రుల అరబ్బీ పాఠం మొదటిసారి అచ్చయింది అరబ్బు దేశంలో కాదు, కలకత్తాలో, 1814-18 మధ్య.

నాకు అరబ్బీ ఒక్క ముక్క రాదు. చేరవచ్చా?

బి.ఏ.లో చేరవచ్చు. విదేశీ భాషల బి.ఏ. ఆనర్సులు అక్షరాల నుంచే మొదలయ్యేలా రూపొందించినవి. ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో అరబ్బీ బి.ఏ. అలాంటిదే. ఎం.ఏ.లో మాత్రం ఆ భాషలో డిగ్రీయో, దానికి సమానమైన చదువో ఉండాలి. కామర్సో ఇంజనీరింగో చదివి ఇటు రావాలనుకుంటే ముందు సర్టిఫికెట్, డిప్లొమా, అడ్వాన్స్‌డ్ డిప్లొమా మెట్లు ఎక్కండి. వీటి తరగతులు చాలాచోట్ల సాయంత్రం పూట ఉంటాయి.

ఒక మాట ముందే చెప్పాలి. మదరసాలో ఏడెనిమిదేళ్లు చదివి వచ్చినవారూ, మీలాగా అలిఫ్, బా దిద్దుతున్నవారూ ఒకే తరగతిలో కూర్చోవలసి వస్తుంది. మొదటి ఏడాది వాళ్లను చూసి బెదిరిపోతాం. వ్యాకరణం వాళ్లకు కరతలామలకం. మూడో ఏడాది నవల చేతికొచ్చేసరికి లెక్క మారుతుంది. పద్యానికి ప్రతిపదార్థం చెప్పడం అలవాటైనవారికీ, కథలు చదివే అలవాటున్నవారికీ నవలలో కనిపించేవి వేరు. అప్పుడు వాళ్లకు మీరు, మీకు వాళ్లు అవసరమవుతారు.

తెలుగు రాష్ట్రాల్లో ఎక్కడ చదవొచ్చు?

హైదరాబాద్‌కు మించిన చోటు దక్షిణాదిలో కేరళ ఒక్కటే. తార్నాక దగ్గర ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ విశ్వవిద్యాలయంలో, అంటే ఇఫ్లూలో, బి.ఏ. నుంచి పరిశోధన దాకా ఉంది. ఆ పక్కనే ఉస్మానియాలో అరబ్బీ శాఖ ఉంది. గచ్చిబౌలిలోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలోనూ ఉంది గానీ, అక్కడ బోధన ఉర్దూలో సాగుతుంది. ఉర్దూ చదివి ఉండాలన్న నియమాన్ని చూసుకుని దరఖాస్తు పెట్టండి. కేంద్ర విశ్వవిద్యాలయాల్లో ప్రవేశాలు ఎక్కువగా ఉమ్మడి ప్రవేశ పరీక్ష ద్వారా జరుగుతాయి. ఏ కోర్సుకు ఏ పరీక్ష అన్నది మారుతూ ఉంటుంది కాబట్టి ఆ ఏటి నోటిఫికేషన్ చదవకుండా ఎవరి మాటా నమ్మకండి, నా మాట కూడా.

ఉస్మానియా ప్రాంగణంలోనే దాయిరతుల్ మఆరిఫ్ అనే సంస్థ ఉంది. 1888లో మొదలై అరుదైన అరబ్బీ రాతప్రతులను పరిష్కరించి అచ్చువేస్తూ వచ్చింది. ప్రాచీన గ్రంథాల మీద పనిచేసే అరబ్బు పండితులకు 'హైదరాబాద్ ముద్రణ' అంటే ఏమిటో తెలుసు. మన ఊరివాళ్లకే తెలియదు. ఆధునిక సాహిత్యానికి అక్కడ పెద్దగా పని ఉండదు గానీ ఒకసారి వెళ్లి చూడండి.

ఢిల్లీలో జేఎన్‌యూ, జామియా, ఢిల్లీ విశ్వవిద్యాలయం, ఉత్తరాన అలీగఢ్, కేరళలో కాలికట్, కేరళ విశ్వవిద్యాలయాలు మిగతా పెద్ద చోట్లు. విదేశాలంటే కైరో విశ్వవిద్యాలయం, బేరూత్‌లోనూ కైరోలోనూ ఉన్న అమెరికన్ విశ్వవిద్యాలయాలు, లండన్‌లో సోయాస్. భాష గట్టిపడాలంటే ఖతర్ విశ్వవిద్యాలయం, రియాద్‌లోని కింగ్ సౌద్ విశ్వవిద్యాలయం అరబ్బేతరుల కోసం నడిపే కోర్సులు వాకబు చేయండి.

భాష ఎంత కష్టం?

లిపి కష్టం కాదు. ఇరవై ఎనిమిది అక్షరాలు, మూడు వారాల పని. ఇబ్బంది ఆ తరువాత వస్తుంది. అరబ్బీలో దీర్ఘాలు రాస్తారు గానీ హ్రస్వాచ్చులు సాధారణంగా రాయరు. పసిపిల్లల పుస్తకాల్లోనూ ఖురాన్‌లోనూ గుర్తులు పెడతారు. నవలలో, పేపర్లో ఉండవు. తెలుగులో 'ప ల క' అని మూడు హల్లులు మాత్రం రాసి, అది పలకో, పిలకో, పులకో, పలుకో మీరే తేల్చుకోండి అంటే ఎలా ఉంటుంది? వాక్యం అర్థమైతే తప్ప మాట చదవలేం. మాట చదవగలిగితే తప్ప వాక్యం అర్థం కాదు. మొదటి రెండేళ్లు ఈ రెంటి మధ్య నలుగుతాం. గుణింతం కనిపెట్టిన మహానుభావులకు దణ్ణం పెట్టుకున్న రోజులున్నాయి.

రెండో ఇబ్బంది నిఘంటువు. మొదటి ఏడాది నేను 'ముస్తష్ఫా' అన్న మాట కోసం హాన్స్ వేర్ నిఘంటువులో మీమ్ అక్షరం కింద అరగంట వెతికాను. లేదు. వెనక బల్ల మీది సీనియర్ జాలిపడి షీన్ అక్షరం కింద చూడమన్నాడు. మాట ఎలా మొదలైనా, దాని ధాతువులోని మూడు హల్లులను పట్టుకుని ఆ వరుసలో వెతకాలి. ఇక్కడ ధాతువు ష-ఫ-య, నయం చేయడం. దాన్నుంచి షిఫా, ముస్తష్ఫా. షిఫా అంటే స్వస్థత, ముస్తష్ఫా అంటే ఆసుపత్రి. పాతబస్తీ దారుల్‌షిఫా మీదుగా వెయ్యిసార్లు బస్సులో వెళ్లినవాణ్ణి, ఆ రోజు దాకా ఆ పేరుకు అర్థం ఆలోచించలేదు.

మనకు కలిసొచ్చేది కూడా ఇక్కడే ఉంది. నవాబుల కచేరీల గుండా, పారశీ మీదుగా వందల అరబ్బీ మాటలు తెలుగులో ఎప్పుడో స్థిరపడ్డాయి. తహసీలు, మహసూలు రెండూ ఒకే ధాతువు పిల్లలు. అమలు, మామూలు ఇంకో ధాతువు పిల్లలు: అమల్ అంటే పని, మఅమూల్ అంటే చేయబడినది, వాడుకలో ఉన్నది. మహసూలు, మామూలు, మంజూరు అని వరసగా పైకి చదవండి. లయ ఒకటే. కర్మణి రూపం అది. మంజూరు అంటే 'చూడబడినది'. "తహసీలు ఆఫీసులో మంజూరైన పని అమలు కావాలంటే మామూలు ఇవ్వాలి" అని మా బ్యాచ్‌లో ఒకరు వాక్యం కట్టారు. వ్యాకరణ సూత్రం అందరికీ జీవితాంతం గుర్తుండిపోయింది.

అరబ్బీలో ఏకవచనానికీ బహువచనానికీ నడుమ ఇద్దరికి, రెండింటికి వాడే ద్వివచనం కూడా ఉంది. సంస్కృతం చదివినవారికి ఇది కొత్త కాదు. మిగతావారికి కొత్త.

పుస్తకాల అరబ్బీ వేరు, మాట్లాడే అరబ్బీ వేరు అంటారు. ఏది నేర్పుతారు?

నేర్పేది ఫుస్‌హా, అంటే గ్రాంథిక ప్రమాణ భాష. వార్తలు, పుస్తకాలు, ఉపన్యాసాలు అందులో ఉంటాయి. ఇంట్లో, బజారులో మాట్లాడేది ఆమ్మియ్యా. అది ఈజిప్టులో ఒకటి, ఇరాక్‌లో ఒకటి, మొరాకోలో మరొకటి. తార్నాకలో ఒక సూడాన్ విద్యార్థితో మొదటిసారి అరబ్బీలో మాట్లాడినప్పుడు అతను ఓపిగ్గా విని, "నువ్వు టీ అడుగుతున్నావా, వార్తలు చదువుతున్నావా?" అన్నాడు.

గిడుగు వారి ఉద్యమం తెలిసిన మనకు వెంటనే పోలిక తడుతుంది. పోలిక కొంతదూరమే నడుస్తుంది. మన దగ్గర వ్యావహారికం గెలిచింది. అరబ్బు దేశాల్లో ఫుస్‌హా ఓడిపోలేదు. దాన్ని వదిలేస్తే మొరాకో పాఠకుడు ఇరాక్ నవల చదవలేడు. ఇరవైకి పైగా దేశాలను కలిపి ఉంచే తాడు అది. అందుకే రచయితలు నడిమి దారులు వెతికారు. 'జైనబ్'లో కథనం ఫుస్‌హా, సంభాషణలు ఈజిప్టు పల్లె మాట. ఈజిప్టు కథకుడు యూసుఫ్ ఇద్రీస్ కథల్లో మాండలికం ధారాళంగా ప్రవహిస్తుంది. ఈజిప్టు నవలాకారుడు నజీబ్ మహ్‌ఫూజ్ మాత్రం కైరో గల్లీలోని చాయ్‌వాలా చేత కూడా ఫుస్‌హానే పలికించాడు. ఆశ్చర్యం ఏమిటంటే వినేటప్పుడు అది గల్లీ మాటలాగే ఉంటుంది. ఈజిప్టు నాటకకర్త తౌఫీఖ్ అల్ హకీమ్ 1956లో ఒక నాటకం రాసి, దాన్ని ఫుస్‌హాగానూ ఆమ్మియ్యాగానూ రెండు విధాలా పలకవచ్చన్నాడు, 'మూడో భాష' అని పేరు పెట్టాడు. ప్రయోగం తెలివైనదే, అనుసరించినవారు తక్కువ.

ఫుస్‌హాతో పాటు ఒక మాండలికం పట్టుకోండి. సాహిత్యం కోసమైతే ఈజిప్టుది. సినిమాలు, నాటకాలు కావలసినన్ని దొరుకుతాయి. ఉస్మానియా, ఇఫ్లూ చుట్టుపక్కల యెమెన్, సూడాన్, ఇరాక్ విద్యార్థులు ఉంటారు. వాళ్లతో సిగ్గుపడకుండా మాట్లాడండి. నవ్వుతారు, నవ్వనివ్వండి.

ముస్లిం కానివారు చదివితే ఇబ్బందా?

నాకు కలగలేదు. అసలు ఈ సాహిత్యాన్ని కట్టినవారిలో చాలామంది క్రైస్తవులు. పైన చెప్పిన బుస్తానీ, జైదాన్. అమెరికా వలసవెళ్లి రాసిన జిబ్రాన్, మీఖాయీల్ నుఐమా. పాలస్తీనా నవలాకారుడు ఎమీల్ హబీబీ. బాగ్దాద్ యూదు కుటుంబంలో పుట్టి అరబ్బీలో రాసినవారూ ఉన్నారు. ఖురాన్ భాష తెలియకుండా ఈ సాహిత్యంలో సగం ధ్వనులు వినిపించవు కాబట్టి దాన్ని పాఠంగా చదవాలి. తెలుగు చదివే ఏ మతంవారైనా పోతన పద్యం చదవరా, అలాగే. మతం కోసం చదవాలనుకునేవారికి ఇస్లామిక్ స్టడీస్ అని వేరే శాఖ ఉంది. దరఖాస్తులో ఈ రెంటినీ కలగలపకండి.

సిలబస్‌లో ఏయే రచనలు ఉంటాయి?

మొదటి రెండేళ్లు పద నిర్మాణం, వాక్య నిర్మాణం, అలంకార శాస్త్రం, పూర్వ కవిత్వం. ఇస్లాంకు ముందటి కాలపు ముఅల్లఖాత్ పద్యాలు తప్పవు. ఒంటె అవయవాల వర్ణన పేజీ దాటి సాగుతుంటే "ఇదంతా ఎందుకు?" అనిపిస్తుంది. విడిచిపోయిన మజిలీ దగ్గర నిలబడి ఏడ్చే ఆ తొలి పాదాలు ఇరవయ్యో శతాబ్దపు శరణార్థి కవితల్లో మళ్లీ తగులుతాయి. ఎందుకో అప్పుడు తెలుస్తుంది.

ఆధునికంలో దాదాపు అన్నిచోట్లా కనిపించేవి: ఈజిప్టు రచయిత తాహా హుసేన్ ఆత్మకథ 'అల్ అయ్యామ్', మహ్‌ఫూజ్ కైరో నవలాత్రయం (1956-57), సూడాన్ రచయిత తయ్యిబ్ సాలిహ్ 1966లో ప్రచురించిన 'ఉత్తరానికి వలసవెళ్లే రుతువు', పాలస్తీనా రచయిత గస్సాన్ కనఫానీ 'ఎండలో మనుషులు', యూసుఫ్ ఇద్రీస్ కథలు. స్త్రీల రచనలు చాలా సిలబస్‌లలో ఒకే యూనిట్‌లో కుక్కేస్తారు. నాకిది నచ్చదు. లతీఫా అజ్జయ్యాత్ 1960లో రాసిన 'తెరిచిన తలుపు', రజ్వా ఆషూర్ గ్రనాడా నవలలు మీరే తెచ్చుకుని చదవండి.

ఒక్క పుస్తకాన్ని దగ్గరగా చూపిస్తాను. 'ఎండలో మనుషులు' 1963 నాటిది. వంద పేజీలు కూడా ఉండదు. ముగ్గురు పాలస్తీనా శరణార్థులు, ఒక ముసలివాడు, ఒక యువకుడు, ఒక పదహారేళ్ల పిల్లవాడు, కువైట్‌లో పని కోసం ఇరాక్‌లోని బస్రా చేరతారు. కాగితాలు లేవు. ఖాళీ నీళ్ల ట్యాంకర్ నడిపే అబుల్ ఖైజురాన్ వాళ్లను సరిహద్దు దాటిస్తానంటాడు. చెక్‌పోస్టు వచ్చేముందు ట్యాంకులోకి దిగాలి, కొద్ది నిమిషాలే, దాటగానే మూత తీస్తాను. మొదటి పోస్టు దాటారు. రెండో పోస్టులో గుమాస్తాలు డ్రైవర్‌ను ఆపి, బస్రాలో ఎవరో నర్తకితో నీకేమిటి సంబంధమని వేళాకోళం మొదలుపెడతారు. బయట ఆగస్టు ఎండ. ఇనుప ట్యాంకు. గుమాస్తా నవ్వుతూ కాగితం మీద సంతకం పెట్టకుండా కలం ఆడిస్తుంటాడు. ఆ రెండు మూడు పేజీలు చదువుతున్నప్పుడు మా తరగతిలో ఫ్యాన్ చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదు. ఆఖరున డ్రైవర్ ఎడారిలో అరుస్తాడు: ట్యాంకు గోడలు ఎందుకు బాదలేదు? ఆ ప్రశ్న చనిపోయినవాళ్లకా, నాయకులకా, లోకానికా అన్నదాని మీద అరబ్బు విమర్శకులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. పాలస్తీనాలోని అక్కా పట్టణంలో పుట్టిన కనఫానీని 1972లో బేరూత్‌లో కారుబాంబుతో చంపారు. అప్పటికి ఆయన వయసు 36.

కవిత్వం అంటే భయం. తప్పించుకోవచ్చా?

తప్పించుకోలేరు, తప్పించుకోకండి. అరబ్బీ ఛందస్సులో గణం వంటిదాన్ని తఫ్ఈలా అంటారు. పాత పద్యంలో ప్రతి పాదానికీ రెండు సమాన భాగాలు, చివర ఒకే అంత్యప్రాస కావ్యమంతా. 1947లో ఇరాక్ కవయిత్రి నాజిక్ అల్ మలాయికా ఈజిప్టులో కలరా వార్తలు విని ఒక కవిత రాసింది. గణాన్ని ఉంచి, పాదంలో ఎన్ని గణాలన్న లెక్కను వదిలేసింది. అదే కాలంలో బద్ర్ షాకిర్ అస్సయ్యాబ్ కూడా అదే పని చేశాడు. ఇద్దరూ బాగ్దాద్‌లో ఒకే ఉపాధ్యాయ కళాశాల విద్యార్థులు. ఎవరు ముందన్న తగాదా తెగలేదు. శ్రీశ్రీ మాత్రల నడకను ఉంచి పాదాల పొడవును ఇష్టానుసారం సాగదీసిన పద్ధతి తెలిసినవారికి ఇందులో అర్థం కానిది ఏమీ లేదు.

సయ్యాబ్ 1954 నాటి 'వాన పాట' ప్రతి సిలబస్‌లోనూ ఉంటుంది. మొదటి పాదంలో ప్రియురాలి రెండు కళ్లు వేకువజామున రెండు ఖర్జూర వనాలు. కళ్లు, వనాలు రెండూ ద్వివచనంలో ఉన్నాయి. అనువాదంలో ముందుగా ఎగిరిపోయేది ఆ జంట. 'మతర్, మతర్', అంటే వాన, వాన, అని పల్లవిలా తిరిగి తిరిగి వస్తుంది. ఇరాక్‌లో వాన కురవని ఏడాది లేదు, ఆకలి లేని ఏడాదీ లేదు. ప్రవాసంలో సముద్రం ఒడ్డున నిలబడిన కవి గల్ఫును పిలుస్తాడు: ముత్యాలూ, చిప్పలూ, మృత్యువూ ఇచ్చేదానా అని. ప్రతిధ్వని వెక్కిళ్లలా తిరిగొస్తుంది. కానీ అందులో చిప్పలూ మృత్యువూ మాత్రమే ఉంటాయి. ముత్యాల మాట సముద్రం మింగేసింది.

ఈ పాదాలు చదివినప్పుడు మా వైపు నుంచి గల్ఫ్ వెళ్లి పెట్టెలో తిరిగొచ్చిన ఒక మనిషి గుర్తొచ్చాడు. దానికి సిలబస్‌లో మార్కులు లేవు.

గల్ఫ్‌లో పనిచేసే మనలాంటివారి గురించి అరబ్బీ రచయితలు రాశారా?

రాశారు, ఆలస్యంగా. చమురు దొరికిన ఎడారి ఎలా తలకిందులైందో అబ్దుర్రహ్మాన్ మునీఫ్ 1984 నుంచి వెలువడిన 'ఉప్పు నగరాలు' ఐదు సంపుటాల్లో చెప్పాడు. అందులో కూలీల సమ్మె కూడా ఉంది. కువైట్ రచయిత సౌద్ అల్ సనూసీ నవల 'వెదురు కాడ'కు 2013లో అంతర్జాతీయ అరబ్బీ నవలా బహుమతి వచ్చింది. కువైట్ ఇంట్లో పనిమనిషిగా చేరిన ఫిలిప్పీన్స్ యువతికీ ఆ ఇంటి కొడుక్కీ పుట్టినవాడు కథ చెబుతాడు. ఏ నేలలో నాటినా వేళ్లూనే వెదురులా బతకాలనుకుంటాడు, ఏ నేలా రానివ్వదు. రాజంపేట, రాయచోటి వైపు కువైట్‌లో ఇంటిపనికి వెళ్లివచ్చిన అక్కలు ఈ పుస్తకం చదివితే ఏమంటారో వినాలని నాకు కోరిక. ముందు ఎవరైనా తెలుగులోకి తేవాలి కదా.

అనువాదంలో చదివితే సరిపోదా?

మొదలుపెట్టడానికి సరిపోతుంది. ఎం.ఏ.లో ఉన్నప్పుడు కూడా నవలను ముందు ఇంగ్లిషులో చదివి, తరువాత అరబ్బీలో చదివినవారు బాగా రాశారు. దొంగతనంలా భావించకండి. అయితే ఒమన్ రచయిత్రి జోఖా అల్ హార్సీ నవల సంగతి చూడండి. 2019లో మ్యాన్ బుకర్ అంతర్జాతీయ బహుమతి పొందిన తొలి అరబ్బీ నవల అది. అరబ్బీలో దాని పేరుకు 'చంద్రుని దొరసానులు' అని అర్థం. ఇంగ్లిషులో అది 'ఖగోళ వస్తువులు' అయింది. పేరు దగ్గరే ఇంత దూరం జరిగితే లోపల ఎంత జరిగి ఉంటుందో తరగతిలో పక్కపక్కన పెట్టి చూడటం మంచి అభ్యాసం.

తెలుగు పాఠకులకు తెలిసిన అరబ్బు రచయిత ఎవరంటే అందరూ ఖలీల్ జిబ్రాన్ పేరు చెబుతారు. కాళోజీ 'జీవన గీత' పేరుతో తెనిగించిన ఆయన పుస్తకం మూలం అరబ్బీ కాదు, ఇంగ్లిషు. జిబ్రాన్ అరబ్బీ రచనలు వేరే ఉన్నాయి. వాటి భాష ఇంకా తీయన, కొన్నిచోట్ల మరీ తీయన.

ఉద్యోగాలు వస్తాయా?

తల్లిదండ్రులు అడిగే మొదటి ప్రశ్నను కావాలనే వెనక్కి జరిపాను. భాష వస్తే పని దొరుకుతుంది. హైదరాబాద్ ఆసుపత్రులకు ఒమన్, యెమెన్, ఇరాక్, సూడాన్ నుంచి రోగులు వస్తారు. వాళ్లకు దుబాసీలు కావాలి. నగరంలోని సాఫ్ట్‌వేర్, బీపీవో సంస్థలు అరబ్బీ వచ్చినవారిని తీసుకుంటాయి. అనువాద సంస్థలు, రాయబార కార్యాలయాలు, ఆకాశవాణి విదేశీ ప్రసారాలు, గల్ఫ్ కంపెనీల కార్యాలయాలు ఉన్నాయి. బోధన వైపు వెళ్లాలంటే అధ్యాపక అర్హతకు రాసే నెట్ పరీక్షలో అరబ్బీ ఒక సబ్జెక్టు. జేఆర్‌ఎఫ్ అనే ఫెలోషిప్ వస్తే పరిశోధనకు నెలనెలా డబ్బు అందుతుంది. అధ్యాపక పోస్టులు మాత్రం ఎప్పుడో గానీ పడవు.

సాహిత్యం వల్ల ఉద్యోగం వస్తుందని నేను చెప్పను. నేను కొన్నాళ్లు ఒక ఆసుపత్రిలో దుబాసీగా చేశాను. గ్రామీణ యెమెన్ నుంచి వచ్చిన ఒక ముసలమ్మకు డాక్టర్ చెప్పిన జబ్బు పేరు ఫుస్‌హాలో అప్పజెప్పాను. ఆమె నా మొహం చూసింది. పక్కనున్న మనవడు దాన్ని తమ మాటలో ఇంకోలా, చాలా మెల్లగా చెప్పాడు. ఇద్రీస్ కథల్లో డాక్టర్లు, పల్లెటూరి రోగులు మాట్లాడుకునే తీరు అప్పుడు మళ్లీ తీసి చదువుకున్నాను. ఆ రచయిత స్వయంగా డాక్టర్.

పరిశోధనకు ఏ అంశం తీసుకోవాలి?

'ఫలానా రచయిత జీవితం, రచనలు' అన్న శీర్షిక పెట్టకండి. ఆ శీర్షికతో సిద్ధాంత గ్రంథాలు మన విశ్వవిద్యాలయాల బీరువాల్లో దుమ్ము పట్టి ఉన్నాయి. చిన్న ప్రశ్న తీసుకోండి. గల్ఫ్ నవలల్లో భారతీయ పనివారు ఏ భాషలో మాట్లాడతారు, రచయిత దాన్ని ఎలా రాశాడు? 1931లో గాంధీ రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్తూ ఈజిప్టు మీదుగా సాగినప్పుడు ఈజిప్టు కవి అహ్మద్ షౌఖీ ఆయన మీద కవిత రాశాడు. అప్పటి కైరో పత్రికల్లో భారతదేశం ఎలా కనిపించింది? భారత సాంస్కృతిక సంబంధాల మండలి 1950 నుంచి ప్రచురిస్తున్న 'సఖాఫతుల్ హింద్' అనే అరబ్బీ త్రైమాసికలో తెలుగు గురించి ఏమి వచ్చింది, ఏమి రాలేదు? ఇలాంటి పనిని ఈజిప్టు విద్యార్థి కంటే మీరే బాగా చేయగలరు.

చేరకముందే ఒక పుస్తకం మొదలుపెట్టాలంటే?

లిపి, ప్రాథమిక వ్యాకరణం వచ్చాక 'అల్ అయ్యామ్' మొదటి భాగం తీసుకోండి. కైరోలోని హిందావీ సంస్థ వెబ్‌సైటులో తాహా హుసేన్ పుస్తకాలు ఉచితంగా దొరుకుతాయి. చిన్నప్పుడే చూపు పోయిన ఆయన ఈ పుస్తకాన్ని నోటితో చెప్పి రాయించాడు. అందుకే వాక్యాలు చెవికి పడతాయి. ఒకే మాట కాస్త మారి మళ్లీ వస్తుంది, కొత్తగా నేర్చుకునేవారికి అదే వరం. కళ్లతో చదవకండి, పైకి చదవండి. తన గురించి 'నేను' అనడు, 'ఆ పిల్లవాడు' అంటాడు. మొదటి అధ్యాయంలో ఆ పిల్లవాడి ఇంటి ముందు కర్రల కంచె ఒకటి ఉంటుంది. వాడికంటే ఎత్తు, సందుల్లేకుండా దగ్గరగా కట్టిన కంచె. కుందేళ్లు దాన్ని సులువుగా దాటిపోతుంటాయి, వాడు దాటలేడు. నాలుగైదు పేజీల అధ్యాయం. వారం పట్టినా పట్టనివ్వండి.